అందరికంటే ఎక్కువగా

మన సమావేశాల్లో క్రైస్తవం ప్రస్తావన వస్తే సాధారణంగా ఏం మాట్లాడుకుంటాం? కన్య గర్భం ధరించడం, నీళ్ళు ద్రాక్షారసం కావడం, చచ్చినవాడు మూడోనాడు లేవడం. అది అయ్యాక గెలీలియో. ఆ తర్వాత స్వస్థత కూటాల్లో చంకకర్రలు విసిరేసే బాపతు. ఇవన్నీ మాట్లాడవలసినవే. నేనూ చాలాసార్లు మాట్లాడాను, చప్పట్లు కూడా కొట్టారు. కానీ ముప్పై ఏళ్ళుగా ఒక గట్టి విశ్వాసిని చాలా దగ్గర నుంచి చూస్తున్నవాడిగా చెబుతున్నాను, ఈ వాదనలేవీ ఆమె గడప కూడా తాకవు. ఆమె నా సొంత చెల్లెలు. నీళ్ళు ద్రాక్షారసం అయ్యాయని రుజువు దొరికి ఆమె క్రైస్తవురాలు కాలేదు. అవలేదని రుజువు చూపిస్తే మానేదీ లేదు. ఆమె క్రీస్తును ప్రేమిస్తోంది, అంతే. అమ్మకంటే, పిల్లలకంటే, నాకంటే ఎక్కువగా ప్రేమిస్తున్నానని మొహం మీదే చెబుతుంది. చెప్పేటప్పుడు కోపమూ ఉండదు, గొప్పా ఉండదు. బియ్యం కేజీ ఎంతో చెప్పినంత మామూలుగా చెబుతుంది.

హేతువాదికి పరీక్ష అద్భుతాల దగ్గర లేదు, ఇక్కడ ఉంది. అద్భుతం గురించి జరిగిందా లేదా అని అడగొచ్చు. ప్రేమను ఏమని అడుగుతాం?

ముందు మూలం చూద్దాం. పాత అలవాటు, వోచరు చూడకుండా మాట్లాడలేను. మత్తయి సువార్త 10వ అధ్యాయం 37వ వచనంలో యేసు తనకంటే తండ్రినో తల్లినో, కొడుకునో కూతురినో ఎక్కువ ప్రేమించేవాడు తనకు తగడని అంటాడు. లూకా 14వ అధ్యాయం 26వ వచనంలో మాట ఇంకా ఘాటుగా ఉంది. అక్కడ తల్లిదండ్రులను, భార్యాపిల్లలను, తోబుట్టువులను, ఆఖరికి తన ప్రాణాన్ని కూడా 'ద్వేషించాలి'. మనవాళ్ళు ఈ లూకా వాక్యాన్ని పట్టుకుని 'చూశారా, ప్రేమ మతం' అని వెక్కిరిస్తారు. అది సరైన అభ్యంతరం కాదని నా అభిప్రాయం. సెమిటిక్ భాషల్లో రెంటిలో ఒకదాన్ని తక్కువగా ఎంచడాన్ని ద్వేషించడం అని చెప్పే వాడుక ఉంది. ఆదికాండం 29వ అధ్యాయంలో యాకోబు లేయాకంటే రాహేలును ఎక్కువ ప్రేమించాడని ఒక వాక్యం, లేయా ద్వేషింపబడిందని వెంటనే ఇంకో వాక్యం. రెండూ ఒకే సంగతి. కాబట్టి లూకా, మత్తయి చెప్పేది ఒకటే అనుకుందాం. ద్వేషించమని కాదు, రెండో స్థానంలో పెట్టమని.

నా దృష్టిలో ఇబ్బంది అసలు అక్కడే ఉంది. ద్వేషించమంటే ఎవరూ వినరు. రెండో స్థానంలో పెట్టమంటే వింటారు.

ఇది ఆయన స్వయంగా పాటించిన నియమమే. మార్కు 3వ అధ్యాయంలో ఇంటివాళ్ళు ఆయనకు మతి చలించిందనుకుని పట్టుకుపోవడానికి వస్తారు. తల్లీ తమ్ముళ్ళూ బయట నిలబడి కబురు పెడితే, లోపల చుట్టూ కూర్చున్నవాళ్ళను చూపించి వీళ్ళే నా తల్లి, నా సోదరులు అంటాడు. బయట నిలబడ్డ ఆ తల్లి ఏమనుకుందో సువార్త రాసినాయన రాయలేదు. రాయకపోవడం గమనించాల్సిన విషయం. రెండో స్థానంలోకి వెళ్ళినవాళ్ళ వాంగ్మూలం ఈ సాహిత్యంలో ఎక్కడా సరిగ్గా నమోదు కాదు.

ఒక్కచోట మాత్రం కొంత నమోదైంది. క్రీ.శ. 203లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి నగరంలో పెర్పెతువా అనే అమ్మాయిని క్రైస్తవురాలైనందుకు మృగాల పాలు చేశారు. వయసు ఇరవై రెండు. మంచి కుటుంబం, చదువుకున్నది, చంకలో పాలు తాగే మగబిడ్డ. జైల్లో ఆమె తన చేత్తో రాసుకున్న దినచర్య లాటిన్‌లో నేటికీ ఉంది. క్రైస్తవ స్త్రీలు రాసి మనకు మిగిలిన రాతల్లో అతి పాతవాటిలో అదొకటి. అందులో ఆమెకంటే నన్ను ఎక్కువగా పట్టుకున్నవాడు ఆమె తండ్రి. ఆయన క్రైస్తవుడు కాదు. మొదటిసారి వచ్చి మానుకోమంటే, ఆమె అక్కడున్న కుండను చూపించి దీన్ని ఇంకో పేరుతో పిలవగలమా అని అడిగింది. నేనూ అంతే, క్రైస్తవురాలిని కాక ఇంకేమీ కాలేను అంది. ఆయన కళ్ళు పీకేస్తాడేమో అన్నంత కోపంతో మీదికొచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు కోపం పోయింది. నా నెరిసిన తల చూడమ్మా, నీ బిడ్డను చూడు, నువ్వు లేకపోతే వాడు బతకడు అని చేతులు ముద్దుపెట్టుకుని కాళ్ళ మీద పడ్డాడు. విచారణ రోజున బిడ్డనెత్తుకుని కోర్టుకే వచ్చాడు. హిలారియానుస్ అనే అధికారి కూడా ముసలివాడిని చూసి, పసివాడిని చూసి బలి ఇచ్చెయ్యమ్మా అన్నాడు. ఆమె ఇవ్వనంది. తండ్రి ఇంకా బతిమాలుతుంటే ఆయన్ని కింద పడేయించి బెత్తంతో కొట్టించారు. ఆ దెబ్బలు తనకే తగిలినట్టు అనిపించిందనీ, ముసలితనంలో ఆయన గతి చూసి దుఃఖించాననీ ఆమె రాసుకుంది. ఆ తర్వాత బిడ్డను జైలుకు పంపడానికి తండ్రి ఒప్పుకోలేదు. వాడు ఇక పాలు అడగలేదని, తనకు రొమ్ముల సలుపూ లేదని, అది దేవుడి దయ అనీ రాసింది. భర్త ప్రస్తావన ఆ దినచర్యలో ఎక్కడా రాదు.

చర్చి ఆమెను సెయింటును చేసింది. నేను ఆ ముసలాయన పక్షం. బలి ఇమ్మన్న చక్రవర్తి పక్షం కాదు, ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. నమ్మకం కోసం మనిషిని మృగాలకు వేసే రాజ్యం కంటే నీచం ఏముంది? ఆ హత్య రోము పద్దులో పడాల్సిందే. కానీ బెత్తం దెబ్బలు తిన్న తండ్రి, పాలు మానేసిన పసివాడు ఏ పద్దులో పడతారు?

కామర్స్ చదివినవాళ్ళకు 'ఫస్ట్ చార్జ్' అనే మాట తెలుసు. ఒక ఆస్తి మీద ఒకరికి మొదటి హక్కు రాసిచ్చాక, కంపెనీ దివాలా తీస్తే ఆ ఆస్తిలోంచి ముందు వాళ్ళకు పూర్తిగా చెల్లించాలి. మిగిలితే మిగతావాళ్ళకు. వ్యాపారం బాగా నడిచినంతకాలం ఈ తేడా ఎవరికీ కనబడదు. సరుకిచ్చిన చిన్న వర్తకుడికీ సమయానికి చెక్కు వస్తుంది, బ్యాంకుకూ వస్తుంది. గడ్డురోజు వచ్చినప్పుడే ఎవరిది ఏ వరసో బయటపడుతుంది. క్రీస్తుకు మొదటి హక్కు రాసిచ్చినవాళ్ళ కుటుంబాలు కూడా అంతే. మామూలు రోజుల్లో వాళ్ళంత మంచి కుటుంబాలు లేవు, తాగుడు లేదు, తన్నుడు లేదు. గడ్డురోజు వస్తే కొడుకూ కూతురూ హామీ లేని అప్పులవాళ్ళు.

ఈ మాట ఒకసారి చెల్లెలితో అన్నాను. ఆమె పదో తరగతి దాకా చదివింది. దివాలా, హామీ కాస్త విడమరిచి చెబితే విని, "అన్నయ్యా, ప్రేమ ఉన్నదాంట్లోంచి పంచిపెట్టే డబ్బనుకుంటున్నావు నువ్వు. నాకు రెండోవాడు పుట్టాక పెద్దదాని మీద ప్రేమ సగమైందా?" అంది. దీనికి నా దగ్గర జవాబు ఉంది, కానీ అంత వెంటనే రాలేదు. ప్రేమ సగం కాదు, నిజమే. కాలం సగమవుతుంది, డబ్బు సగమవుతుంది, రాత్రి ఇద్దరూ ఒకేసారి ఏడిస్తే ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలో తేల్చుకోవాలి. వరస గురించిన ప్రశ్న అక్కడే పుడుతుంది.

ఆమె క్రైస్తవంలోకి ఎలా వెళ్ళిందో చెప్పకుండా ముందుకుపోతే ఆమెకు అన్యాయం చేసినట్టవుతుంది. 1995లో మా బావగారు లారీ ప్రమాదంలో పోయారు. ఇద్దరు చిన్నపిల్లలు. పదో రోజు దాకా ఇల్లు నిండా బంధువులు, పదకొండో రోజు నుంచి ఎవరూ లేరు. పొద్దున్నే ఎదురొస్తే అపశకునమని పక్కింటివాళ్ళు తలుపేసుకునే కాలం. నేను మిలిటరీ ఖాతాల ఆఫీసులో ఎక్కడో మహారాష్ట్రలో ఉండి నెలనెలా మనియార్డరు పంపేవాణ్ణి. ఆ ఊళ్ళో ప్రార్థన కూటం ఆడవాళ్ళు నలుగురు ప్రతి సాయంత్రం వచ్చి ఆమె పక్కన కూర్చునేవాళ్ళు. అంట్లు తోమేవాళ్ళు, పిల్లలకు అన్నం పెట్టేవాళ్ళు, వెళ్ళేటప్పుడు ఓ పాట పాడి వెళ్ళేవాళ్ళు. 1997లో బాప్తిస్మం తీసుకుంది. బొట్టు లేకుండా తిరుగుతావుటే అని అమ్మ ఏడిస్తే, "మీ అల్లుడు పోయిన పదో రోజున తీయించింది మనవాళ్ళే కదమ్మా" అంది. మతమార్పిడి గురించి మన పత్రికల్లో ఎన్ని వ్యాసాలు చదివినా నాకు ఆ ఒక్క మాటే గుర్తుంటుంది. బియ్యం మూటకో, డబ్బుకో మారారనేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. ఆమె డబ్బు తీసుకోలేదు సరికదా ఇచ్చింది. టైలరింగ్ మీద వచ్చే దాంట్లో దశమభాగం, అంటే పదో వంతు, ముందే తీసి పక్కన పెడుతుంది. ఖర్చులు పోను మిగిలినదానిలోనా, మొత్తం రాబడిలోనా అని అడిగాను, వృత్తి బుద్ధి. మొత్తంలోనేనట.

ఇప్పుడు నా అసలు అభ్యంతరానికి వస్తాను. ఎవరినైనా అందరికంటే ఎక్కువగా ప్రేమించవచ్చు. ఆ ఎవరైనా ఎదురుగా ఉంటే, తనకేం కావాలో తన నోటితో చెబుతాడు. క్రీస్తు చెప్పడు. ఆయన తరఫున ఇంకొకరు చెబుతారు. ఖాతా ఆయన పేరు మీద ఉంటుంది, చెక్కు మీద సంతకం మాత్రం ఎప్పుడూ వేరేవాళ్ళది. ముప్పై ఏళ్ళకు పైగా బిల్లులు పాస్ చేసినవాడిగా ఈ ఏర్పాటు ఎంత ప్రమాదమో నాకు తెలుసు. ఖాతాదారు ఎప్పుడూ బ్యాంకుకు రాడు, పాస్‌బుక్ అడగడు, సంతకం నాది కాదని ఫిర్యాదు చెయ్యడు.

దీని ఫలితం చెల్లెలి ఊళ్ళోనే చూశాను. 2014లో ఆమె వెళ్ళే చిన్న ప్రార్థన మందిరానికి ఒక కుటుంబం వచ్చేది. తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మూర్ఛ. గవర్నమెంటు ఆసుపత్రి మాత్రలతో రెండేళ్ళుగా ఫిట్స్ రాలేదు. పాస్టరు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, బాగైపోయింది, ఇంకా మాత్రలు వేస్తే ఆయన్ని నమ్మనట్టే అన్నాడు. తల్లి మాత్రలు ఆపేసింది. మూర్ఛ మందులు ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో ఏ డాక్టరునడిగినా చెబుతాడు, ఫిట్స్ మునుపటికంటే గట్టిగా తిరగబెట్టవచ్చు, ఆగకుండా వస్తే ప్రాణం కూడా పోవచ్చు. పిల్లవాడు మూడు వారాల్లో కట్టెల పొయ్యి మీద పడ్డాడు. బతికాడు, కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. మూర్ఛకూ మధుమేహానికీ మహిమలతో నయం చేస్తామని ప్రచారం చేసుకోకూడదని 1954 నుంచీ చట్టం ఉంది. దాన్ని ఆ ఊళ్ళో ఎవరి మీదా ప్రయోగించగా నేను చూడలేదు.

మనవాళ్ళు సాధారణంగా కథ ఇక్కడ ఆపేస్తారు. కానీ ఇంకొంచెం ఉంది. పిల్లవాడు పడకముందే మా చెల్లెలు ఆ ఇంటికి రెండుసార్లు వెళ్ళి మాత్రలు వెయ్యమని తల్లితో దెబ్బలాడింది. ఆ సంగతి తెలిసి ఆదివారం అందరి ముందూ ఆమెకు విశ్వాసం తక్కువని ప్రకటించారు. ప్రమాదం జరిగాక ఆమె పిల్లవాణ్ణి బస్సులో గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది, పదిహేడేళ్ళుగా వెళుతున్న ఆ మందిరం గుమ్మం మళ్ళీ తొక్కలేదు. ఇప్పుడు వేరే చర్చికి వెళుతోంది. అంతమందిని కాదని ఎలా బయటికొచ్చావని అడిగితే, "అందరికంటే ఎక్కువగా అంటే పాస్టరుగారికంటే కూడా ఎక్కువగా అనేగా అన్నయ్యా" అంది.

ఈ కోణం నాకు తట్టలేదు, ఏ హేతువాద వ్యాసంలోనూ చదవలేదు. మొదటి హక్కు ఒకరికి రాసిచ్చేస్తే, మిగతా ఎవరూ మొదటి హక్కు అడగడానికి లేదు. భర్తకూ లేదు, కులానికీ లేదు, పాస్టరుకూ లేదు.

అప్పుడు నాకు పండిత రమాబాయి గుర్తుకొచ్చింది. పుణెలో పనిచేసే రోజుల్లో ఒక ఆదివారం దౌండు వెళ్ళే ప్యాసింజరు ఎక్కి కేడ్‌గావ్‌లో ఆమె స్థాపించిన ముక్తి మిషన్ చూసొచ్చాను. అప్పటికి ఆమె గురించి నాకు తెలిసింది తక్కువ. ఆసక్తి కలిగి, ఆమె ఉత్తరాల సంపుటి సంపాదించి చదివాను. ఆ సంపుటిని 1977లో సంపాదకత్వం వహించి ప్రచురించింది ఎవరో తెలుసా? ఇండియన్ సెక్యులర్ సొసైటీ స్థాపించిన ఎ.బి. షా. మనవాడే. ఒక క్రైస్తవ భక్తురాలి ఉత్తరాలను వెలికి తెచ్చే పని ఒక సెక్యులరిస్టు ఎందుకు నెత్తినేసుకున్నాడో అవి చదివితే అర్థమవుతుంది.

రమాబాయి 1858లో పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే, ఆడవాళ్ళకు సంస్కృతం చెప్పకూడదన్న కాలంలో భార్యకు చెప్పి గొడవలు తెచ్చుకున్న పండితుడు. కుటుంబమంతా పురాణం చెబుతూ దేశం తిరిగింది. కరువులో తిరుపతి చుట్టుపక్కల అడవిలో ఆకులు తిని బతికిన రోజులను ఆమె తర్వాత రాసుకుంది. తండ్రి, తల్లి, అక్క వరసగా పోయారు. మిగిలిన అన్నా చెల్లెలూ నడుచుకుంటూ 1878లో కలకత్తా చేరితే, అక్కడి పండితులు ఆమె పాండిత్యానికి ఆశ్చర్యపోయి బిరుదులిచ్చారు. అన్న పోయాడు. కులం కాని బెంగాలీ వకీలును పెళ్ళాడింది, రెండేళ్ళు తిరక్కుండా ఆయన కలరాతో పోయాడు. చంటిబిడ్డ మనోరమతో 1883లో ఇంగ్లండు వెళ్ళి, వాంటేజ్‌లోని ఆంగ్లికన్ సిస్టర్ల మఠంలో బాప్తిస్మం తీసుకుంది.

అక్కడినుంచి అసలు కథ. బాప్తిస్మం ఇచ్చినవాళ్ళు చెప్పినవన్నీ ఈమె నమ్మాలి కదా? నమ్మలేదు. త్రిత్వం గురించి ప్రశ్నలు, కన్యాగర్భం గురించి ప్రశ్నలు, అథనేసియన్ విశ్వాస ప్రమాణం ఎందుకు ఒప్పుకోవాలని ప్రశ్నలు. ఆమె ఆధ్యాత్మిక తల్లిగా భావించే సిస్టర్ జెరాల్డిన్ విధేయత నేర్చుకోమంటూ ఉత్తరాలు రాస్తుంది. ఈమె, మా దేశపు పురోహితుల కాడి ఎంతో కష్టం మీద దింపుకుని వచ్చాను, ఇంకో పురోహిత వర్గం కాడి మెడకెత్తుకోవడానికి సిద్ధంగా లేను అన్న అర్థం వచ్చేలా జవాబిస్తుంది. నాకు పైవాడు క్రీస్తు, మీ బిషప్పు కాదు అని ఆమె వాదన. కూతురి మతశిక్షణ మీద కూడా ఇదే పోట్లాట. క్రీస్తును ప్రేమించడం ఆమె చేతిలో విధేయతకు సాధనం కాలేదు, అవిధేయతకు ఆయుధమైంది.

ఆ తర్వాత 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ పెట్టి, మరుసటి ఏడాది పుణెకు మార్చింది. మతం బోధించనని ఒప్పందం. 1891 ప్రాంతంలో ఆమెలో ఇంకో మార్పు వచ్చింది. ఇన్నాళ్ళూ తనకు క్రైస్తవ మతం దొరికింది గాని క్రీస్తు దొరకలేదని, ఇప్పుడు దొరికాడని 1907లో తన సాక్ష్యంలో రాసుకుంది. తలుపు తెరిచిపెట్టి సొంత ప్రార్థన చేసుకుంటుంటే పిల్లలూ వచ్చి కూర్చునేవారు. 1893లో పెద్ద దుమారం. తిలక్ కేసరి పత్రిక దుమ్మెత్తిపోసింది, రానడే, భండార్కర్ వంటివాళ్ళు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు, సంరక్షకులు కొందరు పిల్లల్ని తీసుకుపోయారు. ఒప్పందం మాట ఎలా ఉన్నా, అడిగినవాళ్ళకు నా తలుపు ఎందుకు వెయ్యాలన్నది ఆమె పట్టు. ఇక్కడ నేను ఆమె పక్షం పూర్తిగా తీసుకోలేను. వితంతువులైన పసిపిల్లలకు ఆశ్రయమిచ్చే మనిషి ప్రార్థన చేస్తుంటే, వచ్చి కూర్చోవడం పూర్తిగా వాళ్ళ ఇష్టమే అనలేం. కానీ 1896-97 కరువులో మధ్యపరగణాలకు వెళ్ళి ఎముకల గూళ్ళలా ఉన్న ఆడపిల్లలను వందలమందిని తెచ్చుకున్నదీ ఆమే. తిలక్ గారి వర్గం తేలేదు. కేడ్‌గావ్‌లో వాళ్ళకు చదువు, నేత, వ్యవసాయం, ప్రెస్సు పని నేర్పింది. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలును మామూలు ఆడవాళ్ళకు అర్థమయ్యే మరాఠీలోకి తిప్పింది. అచ్చు కూర్చింది ఆ అమ్మాయిలే.

రెండో స్థానంలో ఉన్న మనిషి అక్కడా ఉంది. మనోరమ. పుట్టిన ఏడాదికే తండ్రి లేడు, పసితనం తల్లికి దూరంగా మఠంలో, ఆ తర్వాత చదువు పరాయిదేశాల్లో, తిరిగొచ్చాక తల్లి పనికి కుడిభుజం. 1921లో నలభయ్యో ఏట చనిపోయింది. తల్లి తర్వాతి ఏప్రిల్‌లో పోయింది. ఆ అమ్మాయి తన బతుకును సంతోషంగానే ఇచ్చిందని అంటారు. అయ్యుండవచ్చు. ఆమె ఇంకేం కోరుకునేదో అడిగినవాళ్ళు మాత్రం లేరు.

ఇంత చెప్పి మన సంగతి వదిలేస్తే అన్యాయం. గోరా గారికి కాకినాడలో, ఆ తర్వాత బందరులో కాలేజీ ఉద్యోగాలు నాస్తికత్వం వల్ల పోయాయి. అప్పటికే సంసారం, పిల్లలు. లొంగి నోరుమూసుకుంటే జీతం వచ్చేది. మూసుకోలేదు. మనం అది త్యాగమంటాం. పెర్పెతువా తండ్రిలాంటివాణ్ణి తీసుకొచ్చి అడిగితే, ఇద్దరికీ తేడా ఏముందయ్యా అంటాడు. తేడా ఉందనే నేననుకుంటాను. గోరా గారు తన నమ్మకాన్ని అందరి ముందూ వాదనకు పెట్టారు, తప్పని చూపిస్తే మార్చుకునే వీలుంది. మృగాల బోనులో ఆ వీలు లేదు. అన్నట్టు, క్రీస్తు చరిత్ర రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన జాషువా కవి కూతురు హేమలత, 1960లోనే ఆ గోరా గారింటి కోడలైంది, లవణం గారి భార్యగా. మా చెల్లెలికి ఈ సంగతి చెబితే "మరి నువ్వు మా ఇంటికి రావడానికేం" అంది. నేను ఎప్పుడు మానానని.

బైబిల్లోనే ఇంకో పేజీ ఉంది, వాదనకు వచ్చే పాస్టర్లకు నేను చూపించేది. మార్కు 7వ అధ్యాయంలో యేసు 'కొర్బాను' ఆచారాన్ని చీల్చి చెండాడతాడు. తల్లిదండ్రులకు ఇవ్వాల్సినదాన్ని దేవుడికిచ్చేశానని చెప్పి చేతులు దులుపుకునే పద్ధతి అది. దేవుడి పేరు మీద అమ్మానాన్నల బాకీ రద్దు చేసుకోకూడదని ఆయన ఆడిట్ అభ్యంతరం. మత్తయి 10వ అధ్యాయం చెప్పినవాడే ఇదీ చెప్పాడు. రెంటినీ ఎలా సర్దుకోవాలో వాళ్ళే తేల్చుకోవాలి.

మా చెల్లెలు ఎలా సర్దుకుందో చెబుతాను. 2007లో అమ్మకు పక్షవాతం వచ్చింది, కుడివైపంతా పడిపోయింది. నాలుగేళ్ళు మంచం మీదే. అన్నయ్య హైదరాబాదులో, నేను ఉద్యోగంలో. చేసింది చెల్లెలే. అమ్మకు రోజూ పొద్దున్నే వెంకటేశ్వరస్వామి పటం ముందు దీపం పెట్టడం అరవై ఏళ్ళ అలవాటు, ఇప్పుడు చెయ్యి లేవదు. మొదటి వారం అమ్మ ఆ పటం వంకే చూస్తూ పడుకునేది. ఎనిమిదో రోజున చెల్లెలే వత్తి వేసి, నూనె పోసి, దీపం వెలిగించింది. నాలుగేళ్ళు. ప్రార్థన మందిరంలో ఇది పెద్ద గొడవైంది, విగ్రహారాధన అన్నారు. నేను మొక్కట్లేదు, అమ్మ చెయ్యి పనిచెయ్యట్లేదు కాబట్టి నా చెయ్యి అరువిస్తున్నాను అందట. అందరికంటే ఎక్కువగా క్రీస్తును ప్రేమించే మనిషి మరి. అమ్మకు చేస్తే ఆయనకు చేసినట్టే అని ఒక సర్దుబాటు పద్దు రాసేసుకుంది. 2011లో అమ్మ పోయినప్పుడు పెద్దకర్మ రోజున లోపల పిండాలు పెడుతుంటే, ఏదీ నమ్మని నేను, వేరేది నమ్మే ఆమె బయట అరుగు మీద కూర్చున్నాం. అన్నయ్యకు ఇద్దరి మీదా సమానంగా కోపం వచ్చింది.

అప్పుడే అడిగాను. పాస్టరు మాత్రలు ఆపమంటే నువ్వు వినవు, సరే. రేపు నీ లోపలే ఆయన గొంతు ఆపమంటే? ఆయన అలా అనడు అంది. ఎలా తెలుసు? "అమ్మ ఇప్పుడు లేదు. ఫలానా పని చేస్తే అమ్మ ఏమంటుందో నీకు తెలియదూ?" నేను యాభై ఏళ్ళు అమ్మను చూశానన్నాను. తనూ ఆయన్ని ఇన్నేళ్ళుగా చూస్తున్నానంది. (మాత్రల గొడవ తర్వాత ఇదే ప్రశ్న మళ్ళీ అడిగాను, ఇదే జవాబు.)

నేను దీన్ని ఒప్పుకోను. అమ్మ గురించి నా జ్ఞాపకం తప్పయితే అన్నయ్య ఉన్నాడు, మేనత్త ఉంది, సరిదిద్దుతారు. ఆ గొంతును సరిదిద్దేవారు లేరు. కార్తేజి అమ్మాయికి ఆ గొంతు బిడ్డను వదలమంది, మా ఊరి తల్లికి పాస్టరు నోట మాత్రలు ఆపమంది, మా చెల్లెలికి దీపం పెట్టమంది. ఒకే మనిషి ఇన్ని రకాలుగా మాట్లాడాడనడం కంటే, ఎవరి అంతరాత్మ ఎలాంటిదో వాళ్ళకు అలాంటి క్రీస్తు దొరుకుతాడనడం సులభం. అలా అయితే దీపం పెట్టిన పుణ్యం చెల్లెలి ఖాతాలోనే జమ కావాలి, ఆమె దాన్ని వేరేవాళ్ళ ఖాతాలో వేస్తోంది. ఆమెతో ఇలాగే అన్నాను. నవ్వి, "నీ లెక్కల్లో నాకు మార్కులు ఎక్కువేస్తున్నావు" అంది.

వచ్చే నెల ఆమెకు ఎడమకంటికి శుక్లం ఆపరేషన్. ఆసుపత్రి తనే వాకబు చేసుకుంది. డాక్టరు ఇప్పటికి ఎన్ని కళ్ళు చేశాడో, ఎన్ని చెడ్డాయో అడిగిందట, ఆయన కాస్త బిత్తరపోయాడట. ముందురోజు చర్చివాళ్ళొచ్చి ప్రార్థన చేస్తారు. ఆపరేషన్ రోజున థియేటరు బయట కళ్ళజోడు, బైబిలు, మందుల చీటీ పట్టుకుని కూర్చోవలసింది నేనే అని ముందే చెప్పేసింది.